సముద్రానికి నిద్రొచ్చింది

వేలెడంత క్లిప్పు జడలో పెట్టుకుంటే చాలు, మనసులో అనుకున్న మాటలు గోడ మీద అక్షరాలై వాలిపోయే రోజులవి. అయినా సుమేధ కథకు ముగింపు దొరకడం లేదు. నడిసముద్రంలో తుఫాను, పడవలో ఒంటరి పిల్ల. పత్రికకు పంపాల్సింది ఈ మధ్యాహ్నమే. ఇందాక కథలోని ఆ పిల్ల ఉన్నట్టుండి, "ఆ... నోరు తెరు నాన్నా, ఒక్క ముద్ద!" అనేసింది. చిన్నాడికి పప్పన్నం పెడుతూ రాస్తే అంతే మరి!

"వీడికి స్నానం నువ్వు చేయించవా? నాకు రాసే పనుంది," అంది భర్తతో.

"పొయ్యి మీద కూరుందే!" వంటింట్లోంచి మురారి కేక.

తడుస్తుందని క్లిప్పు తీసి మంచం మీద పెట్టి, పిల్లాడికి నీళ్లు పోసి వచ్చేసరికి గోడ మీద కొత్త వాక్యాలున్నాయి.

"సముద్రానికి నిద్రొచ్చి ఏడుస్తోంది. ఆ పిల్ల దాన్ని ఒళ్లో వేసుకుని జో కొట్టింది. సముద్రం బజ్జుంది."

సుమేధ గుండె గంతులేసింది. తుఫానంటే నిద్ర ఏడుపా! వారం నుంచి తను వెతుకుతున్నది ఇదే. గిరుక్కున వెనక్కి తిరిగింది. ఐదేళ్ల కూతురు ఇందు పిలకలో ఉంది క్లిప్పు.

"నువ్వేనా తల్లీ రాసింది? తర్వాతేమైంది? చెప్పు, చెప్పు!"

ఇందు తన బొమ్మను తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"దీనికి స్నానం నువ్వు చేయించమ్మా. నాకు రాసే పనుంది."