కుప్పం లైను

కుప్పంలో ఫోను ఎత్తారు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. మాట మాత్రం రాలేదు.

"హలో! కుప్పమా? గురప్ప యాడ?" హఫీజ్ గొంతు చించుకున్నాడు.

అవతలి నుంచి ఒక్క ముక్కా వినపడలేదు.

ఆదివారం పొద్దున. మదనపల్లెలో దేవరాజులు విత్తనాల కంపెనీ ఆఫీసు. ఆయనకు పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి గోడౌన్లున్నాయి. మూడు చోట్లా ఉన్న పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు తలా ఒక గేట్‌వే పెట్టె తగిలించి, ఇంటర్‌నెట్ మీదుగా కలపాలి. ఆ తర్వాత పక్కగదికి చేసినట్టు మూడంకెలు నొక్కితే చాలు, కుప్పం పలుకుతుంది.

హఫీజ్ సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇదే. "సోమవారం పొద్దునకల్లా మూడూళ్ళూ పలకాల. లేదంటే బెంగుళూరోళ్ళను పిలిపిస్తా," అని దేవరాజులు ముందే తేల్చేశాడు. ఇది పోతే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ తనను పిలవరని హఫీజ్‌కు తెలుసు.

పెట్టెలు శనివారమే బిగించి వచ్చాడు. పుంగనూరులో గుమాస్తా శాలిని సెలవైనా వచ్చి కూర్చుంది, ఒక్క పిలుపుకే పలికింది. కుప్పం గోడౌను ఊరికి దూరం. ఆదివారం గుమాస్తాలెవరూ రారు, కాపలా గురప్పే ఉంటాడు. అతను ఉండే గదిలోనే ఫోను పెట్టి, మోగితే ఎత్తాలని మరీ మరీ చెప్పి వచ్చాడు.

ఎత్తడమైతే ఎత్తారు. ఇక్కడి మాట అక్కడికి పోతోంది, అక్కడి మాట ఇక్కడికి రావడం లేదు. ఈ పనిలో ఇది మామూలు పీడే.

"ఎవరైనా సరే, పెట్టేయొద్దు. మాట్లాడతానే ఉండండి!" అని అరిచి, కంప్యూటర్లో సెట్టింగులు మార్చసాగాడు.

అదీ ఇదీ మార్చగా, ఉన్నట్టుండి ఒక ఆడగొంతు ఊడిపడింది.

"...అంతేనప్పా, అదీ జరిగింది. నీకు వినపడిందా?"

హఫీజ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వినపడింది, వినపడిందమ్మా! బాగా వినపడింది!"

ఆమె అంతసేపూ ఏం చెప్పిందో అడగాలని అతనికి తోచలేదు. లైను కలిసింది, అదే పదివేలు.

ఊడ్చే మనిషి కాబోలు, గురప్ప ఫోను ఈమెకప్పగించి బలాదూర్ తిరగడానికి పోయుంటాడు అనుకున్నాడు.

"సరేమ్మా, ఇప్పుడు ఒకటి నుంచి పది దాకా నిదానంగా లెక్కపెట్టు."

"ఇప్పుడా అప్పా?"

"ఇప్పుడే. పనంతా నీమీదే ఆగిపోయిండాది."

"సరేలేప్పా. పనయ్యేదాకా ఫోను ఇడవద్దని చెప్పిండారు."

ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర గొంతు తెగింది.

హఫీజ్ ఏదో సరిచేశాడు. "మళ్ళీ చెప్పమ్మా."

ఈసారి నాలుగు దగ్గరే తెగింది.

"పుంగనూరు అద్దం మాదిరి ఉండాది. నీ లైనుతోనే సస్తాండాను. గట్టిగా చెప్పమ్మా, పొద్దున ఏమీ తినలేదా?"

"తినలేదప్పా."

హఫీజ్ నవ్వాడు. పాపిష్టి నవ్వు, అది కూడా అవతలికి చక్కగా వినిపించి ఉంటుంది.

హఫీజ్ కాసేపు లైను వదలగా, పుంగనూరు నుంచి శాలిని కూడా కుప్పం నొక్కి, నాలుగు మాటలు విని, మళ్ళీ హఫీజ్‌కు చేసింది.

"అన్నా, ఆయమ్మకు యాలనో బాగలేనట్టుండాది. ఒక మాట అడగరాదా?"

"బాగానే ఉండాదిలేమ్మా. మాట తునకలు తునకలుగా వస్తే అట్లే వినపడతాది. నీకేం తెలుసు?"

మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టించాడు. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి ఒకటి నుంచి పది దాకా ఒక్క బిగిన, ఎక్కడా తెగకుండా చెప్పింది.

"శభాష్! దారికొచ్చింది సూడు," అన్నాడు హఫీజ్.

"ఇంక పెట్టేస్తానప్పా. మావాళ్ళు వచ్చినారు."

"ఆదివారం సుట్టాలా! పోమ్మా పో, కోడిని కోసి పెట్టు."

ఆమె ఫోను పెట్టేసింది.

సోమవారం పొద్దున దేవరాజులు ముచ్చటపడి తనే కుప్పం నొక్కడానికి కూర్చున్నాడు. పక్కన హఫీజ్, పెళ్ళికొడుకులా.

"అంతా అయింది సార్. ఆ గురప్పే, ఎవరికో ఫోనిచ్చేసి యాడికో పోయినాడు," అని ఊరుకోలేక చెప్పాడు.

దేవరాజులుకు చిర్రెత్తుకొచ్చింది. కుప్పం మేనేజరు అజయ్ ఎత్తగానే, "ఆ గురప్పను పిలువప్పా, నాలుగు తగిలిస్తా," అన్నాడు. స్పీకర్లో మాట ఖంగున వస్తోంది.

"గురప్ప లేడు సార్. నిన్న తెల్లారేటప్పుడు గుండె నొప్పొచ్చి పోయినాడంట. నేను ఊర్లో లేను, ఇప్పుడే తెలిసింది."

"అయ్యో! మాకెవరూ చెప్పలేదే!"

"చెప్పినారంట సార్. మదనపల్లె నుంచి ఫోనొస్తే మొట్టమొదట ఆ మాటే చెప్పినారంట. వినపడిందని మీవాళ్ళు అన్నారంట గదా. కంపెనీ నుంచి ఎవరన్నా వస్తారని పొద్దుగూకే దాకా శవాన్ని ఎత్తకుండా పెట్టుకోనుండారు."

దేవరాజులు హఫీజ్ వైపు చూశాడు.

లైను ఎంత శుభ్రంగా ఉందంటే ఒక్క అక్షరం తెగలేదు. హఫీజ్‌కు చెవులు మూసుకోవాలనిపించింది.

"సార్... నిన్న నాతో ఫోన్లో మాట్లాడింది ఎవరు?" అన్నాడు.

"గురప్ప పెళ్ళాం వెంకటమ్మ," అన్నాడు అజయ్. "గుడుపల్లె నుంచి వాళ్ళన్న వచ్చేదాకా మొగుడి శవం పక్కన ఆయమ్మ ఒకతే కూర్చోనుండాది, మీ ఫోను పట్టుకోని."