పత్తి గదిలో పాట

నందిగామలో లహరి నడిపే రాక్ బ్యాండుకి స్టూడియో అంటే వాళ్ళింటి పత్తి గదే. చుట్టూ బస్తాలుంటే గది మార్మోగదు. ధర కోసం ఆపిన ఆ పత్తి సాయంత్రం లారీ ఎక్కేస్తుంది. ఆలోగా రికార్డింగు అయిపోవాలి.

పాట రాసుకోలేదు, వాయిస్తూ వాయిస్తూ కట్టేశారు. ఆఖర్లో దరువు బ్రహ్మాండంగా కుదిరింది. సరిగ్గా అప్పుడే నాయనమ్మ బసవమ్మ తలుపు తోసుకొచ్చింది.

"మీ గోల తగలెయ్య. గేదె పాలు చేపట్లేదే."

బయట లారీ హారను మోగింది. లహరి తల పట్టుకుని రికార్డింగు వింది. తిట్టు అక్షరం అక్షరం దరువు మీదే పడింది.

"నాయనమ్మా, మన గేదెని కిందటేడే అమ్మేశాంగా."

బసవమ్మ కొంగు సర్దుకుంది.

"ఇంకోసారి తిట్టమంటావా? ఇందాక గొంతు సవరించుకోలేదు."