కిటికీలో మొక్కజొన్న

కాగితం గ్లాసు కింద పడి ఉంది. మట్టి నేలంతా చిమ్మింది. వేలెడంత మొక్క నడుము విరిగి పడుకుంది.

దీపాలు పెట్టే వేళకి బట్టల కంపెనీ నుంచి వచ్చిన టైలరమ్మకి అది చూడగానే ఒళ్ళు మండిపోయింది.

పొద్దుటి నుంచీ చొక్కాలకి కాలర్లు కుట్టీ కుట్టీ మెడ పట్టేసింది. వేళ్ళు తనవి కానట్టున్నాయి.

ఆయా మాత్రం గోడకి చేరగిలబడి, జడ సగంలో వదిలేసి, దువ్వెన చేత్తో పట్టుకునే కునుకుతోంది.

"అక్కా! ఏంటిది?"

ఆయా ఉలిక్కిపడింది. "మొక్కలన్నీ కిటికీ వైపే ఒరిగిపోతున్నాయి చెల్లీ. ఇటు తిప్పుదామనుకున్నా. చెయ్యి జారింది."

"నిన్ను తిప్పమన్నానా?"

"అనలేదు."

"పగలంతా పడుకునే ఉంటావు కదా, ఇంకా ఏం నిద్ర?"

ఆయా మట్టి అరచేతుల్తో పోగుచేసి గ్లాసులో పోసింది. జుట్టు ముడి చుట్టుకుని ఆసుపత్రికి నైట్ డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఇద్దరిదీ ఒకే గది, ఒకే మంచం. రాత్రి టైలరమ్మది, పగలు ఆయాది. అద్దె భరించలేక కలిసి ఉంటున్నారే గానీ, ఒకరి ఊసు ఒకరికి పెద్దగా తెలియదు. గుమ్మం దగ్గర ఎదురుపడినప్పుడు మాట్లాడుకున్నదే మాట. ఆదివారం వస్తే టైలరమ్మ పొద్దున్నే బస్సెక్కి హాస్టల్లో ఉన్న కూతురి దగ్గరికి పోతుంది.

ఈ మొక్కజొన్న గొడవంతా ఆ పిల్ల కోసమే.

పెరట్లో ఓనరమ్మ మంచమంత జాగా ఇచ్చింది. పోయిన సెలవులకి, "నీ చేత్తోనే కంకులు విరుద్దువుగాని, రా" అని టైలరమ్మ కూతురికి నోరారా చెప్పింది. నాటిన గింజలన్నీ ఎలుకలు తవ్వుకు తిన్నాయి.

పిల్ల వచ్చి ఖాళీ మడి చూసి, "నువ్వెప్పుడూ ఇంతేలే అమ్మా" అంది.

ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు.

ఈసారి కూడా మాట తప్పితే ఆ పిల్ల ఇక తనని నమ్మదు. అందుకే ఎలుకల నోటికి చిక్కకుండా గదిలోనే నారు పెంచుతోంది. మొక్కజొన్న వేరు కదిలితే అలుగుతుందని ఒక్కో గింజకి ఒక్కో గ్లాసు. అన్నీ కంపెనీ క్యాంటీన్లో టీ తాగి పారేసినవే, కడిగి తెచ్చింది.

గదికున్నది ఒక్కటే కిటికీ, పడమటి వైపు. దాని గట్టు మీదున్న డబ్బాలు దించింది, అద్దం తీసింది, ఆయా తెరగా కట్టిన పాత చీర ఊడదీసి మడతపెట్టింది.

"మొక్కలకి ఎండ తగలాలక్కా."

"మీ పాప వచ్చేసరికి కంకులొస్తాయా?"

"రావాలి."

"అయితే తగలనీ" అని ఆయా చీర తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాతే ఆయాకి ఏం మాయరోగం వచ్చిందో తెలియదు. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడబెట్టింది. ఒకరోజు కుళాయి కట్టెయ్యడం మర్చిపోయింది. మరో రోజు తాళంచెవి లోపలే ఉంచి తలుపు లాగేసింది. కంపెనీలో భోజనాల దగ్గర టైలరమ్మ ఆవిడకి నిద్రమొహం అని పేరు పెట్టి అందర్నీ నవ్వించింది.

గ్లాసు పడిన వారానికి ఓనరమ్మ కబురు మోసుకొచ్చింది.

"మీ ఆయాని తీసేశారట. డ్యూటీలో కునుకుతూ దొరికిపోయిందట."

"ఇంట్లో పడుకున్నది చాలక అక్కడ కూడానా?" అంది టైలరమ్మ.

ఆయా సంచి సర్దుకుంటూ కిటికీ వంక చూసింది. "బాగా పచ్చబడ్డాయి చెల్లీ."

"ఊఁ."

ఎక్కడికి వెళ్తున్నావని మాటవరసకైనా అడగలేదు.

ఆ ఆదివారం హాస్టల్‌కి పోకుండా, గ్లాసుల అడుగులు చింపి మొక్కలన్నీ మడిలో దించింది. గాలికి ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద రాలాలని, ఒకే వరస కాకుండా గుంపుగా నాటింది. ఒక్కటీ వాడలేదు. మోకాలెత్తుకి వచ్చాయి.

అప్పటికి పగటి మంచానికి కొత్త మనిషి దొరికింది. టోల్ గేటులో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి.

మొదటిరోజు సాయంత్రమే ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమ్మా, బయట కూర్చున్నావేం?"

"లోపల నిద్రెక్కడ పడుతుందక్కా? మధ్యాహ్నం నుంచీ ఎండ సరిగ్గా మొహం మీదే. మంచం జరుపుదామంటే జాగా లేదు. నేల మీద పడుకున్నా వదల్లేదు. కిటికీకి ఏదైనా కట్టుకోనా?"

"కట్టుకో."

"అయినా ముందున్నావిడ ఇందులో ఎట్లా పడుకునేదక్కా?"

'హాయిగా' అనబోయింది.

ఆ గదిలో తను ఒక్క మధ్యాహ్నమైనా ఉన్నది లేదు.

లోపలికి వెళ్ళి పరుపు మీద చెయ్యి వేసింది. పొద్దు పోయినా అది ఇంకా వేడిగానే ఉంది.

"ఆవిడ ఇప్పుడెక్కడుంటుందో తెలుసా?" అని ఓనరమ్మని కేకేసి అడిగింది.

"ఏమోనమ్మా. ఎవరికీ చెప్పలేదు."

ముక్కూ మొహం సరిగా తెలియని తన కూతురు కంకులు విరుచుకోవాలని ఆయా అన్నాళ్ళూ ఆ మంచం మీద కంటి మీద కునుకు లేకుండా గడిపిందనీ, ఉన్న ఉద్యోగం ఊడినరోజు కూడా ఆ మాట పైకి అనలేదనీ టైలరమ్మకి అప్పుడు అర్థమైంది.