కొన్నవాళ్ళే రావాలి

వరసలో ముందున్న ముసలాయన ఎంతకీ కిటికీ దగ్గర్నుంచి కదలడం లేదు.

పరాయి దేశంలో వస్తువు కొంటే కట్టిన పన్ను, తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో వెనక్కిస్తారు. బిల్లు, పాస్‌పోర్టు, కొన్న వస్తువు చూపించి ముద్ర వేయించుకోవాలి. వినడానికి ఇంతే. వరసలో నిలబడితే తెలుస్తుంది.

"ఇంకెంతసేపండీ?" వరసలో వెనక నిలబడ్డ ఫొటోగ్రాఫరు భార్యకి ఒళ్ళు మండిపోతోంది.

"నన్నడిగితే నేనేం చెప్పను?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

అతనికీ గుబులుగానే ఉంది. ఆ ఖరీదైన కెమెరా వద్దంటే వద్దని ఆమె మొత్తుకుంది. "పన్ను వెనక్కొస్తుందే. ఆ డబ్బు నీ బ్యూటీ పార్లర్‌కే. విరిగిన కుర్చీలు మార్చేసుకో" అని ఒప్పించాడు. ఇప్పుడు ముద్ర పడలేదంటే బతికున్నన్నాళ్ళూ సాధిస్తుంది.

"కొన్నవాళ్ళే రావాలండీ," కిటికీలో ఆఫీసరు విసుక్కుంటున్నాడు. "బిల్లు మీ ఆవిడ పేరున ఉంది. ఆవిడ్ని రమ్మనండి."

"ఆవిడ రాలేదు బాబూ."

"పోనీ, ఆ కోటైనా చూపించండి."

"కోటు ఆవిడే వేసుకుంది."

"వేసుకున్నదానికి వాపసు లేదు."

"బిల్లు జాగ్రత్తగా దాచింది బాబూ. మర్చిపోకుండా ముద్ర వేయించమని మరీ మరీ చెప్పింది."

వరసంతా గొణిగింది. ఫొటోగ్రాఫరు భార్య ఇక ఉండబట్టలేకపోయింది.

"కొత్త కోటు తొడుక్కుని ఆవిడ షికార్లు కొడుతుంటే, మేమిక్కడ కాళ్ళు పీకేలా నిలబడాలా? పిలిస్తే పిలవండి, లేదంటే తప్పుకోండి. మా విమానం వెళ్ళిపోతుంది!"

ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

"నిజమేనమ్మా. మీరు కానివ్వండి," అని పక్కకి జరిగాడు.

పోయాడు గానీ దూరంగా పోలేదు. గోడకి ఆనుకుని, బిల్లు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ముందింకా ఇద్దరున్నారు. మన వంతు వచ్చేలోగా ఆ పెద్ద పెట్టె సామాన్ల కౌంటర్‌లో ఇచ్చేసి రండి. తోసుకోలేక చస్తున్నాం," అంది ఆమె మొగుడితో.

"కెమెరా అందులోనే ఉందే. పదిలంగా ఉంటుందని నీ బట్టల మధ్య చుట్టి పెట్టా."

"ఉంటే ఉంది. బిల్లు చేతిలో ఉందిగా!"

"పెట్టె ఇవ్వకండమ్మా," అన్నాడు ముసలాయన గోడ దగ్గర్నుంచి. "వస్తువు చూపించందే ముద్ర వేయరు."

"ఆయన గోల ఆయనకే తెమల్లేదు, మనకి సలహాలు," పళ్ళు నూరింది ఆమె.

ఫొటోగ్రాఫరు మాత్రం ఎందుకైనా మంచిదని పెట్టె కదపలేదు.

"కెమెరా ఏది?" వంతు రాగానే ఆఫీసరు అడిగిన మొదటి మాట అదే.

నేలమీదే పెట్టె తెరిచారు. చెప్పులు, తువ్వాళ్ళు, నూనె సీసా, అన్నీ పదిమందిలో బయటపడ్డాక అడుగునుంచి కెమెరా వచ్చింది. ముద్ర పడింది. ఆఫీసరు కిటికీ మూసేశాడు.

వెళ్తూ వెళ్తూ ఫొటోగ్రాఫరు ముసలాయన వైపు అడుగు వేయబోయాడు. భార్య చెయ్యి పట్టి లాగింది.

"థాంక్సులు చెప్పుకుంటూ కూర్చుంటే విమానం ఆగుతుందా? నడవండి!"

పెట్టె కౌంటర్‌లో ఇచ్చేసి, పరుగున గేటు దగ్గరికి వచ్చి చూస్తే, విమానం ఆగే ఉంది. ఇంకా ఎవర్నీ ఎక్కించడం లేదు.

"ఇప్పుడింకేమొచ్చింది?" గేటు దగ్గరున్న అమ్మాయి మీద విరుచుకుపడింది ఆమె.

"ఒక పెట్టె ఎక్కించాలమ్మా. అది అవగానే బయల్దేరతాం."

"ఎవరిదో పెట్టె కోసం మేమంతా పడిగాపులు పడాలా? ఎవరిదట?"

ఆ అమ్మాయి కళ్ళతోనే అద్దాల గోడ వైపు చూపించింది. ముసలాయన అద్దానికి నుదురు ఆనించి కిందికి చూస్తున్నాడు.

"మళ్ళీ ఈయనేనా!" ఆమె తల పట్టుకుంది. "ఎక్కడ దాపురించాడండీ మనకి! అంత పెట్టె నిండా ఏం కొనుక్కుపోతున్నాడట?"

కింద విమానం పక్కన నలుగురు మనుషులు టోపీలు తీసి, పొడవాటి పెట్టెనొకదాన్ని మెల్లగా పైకెత్తుతున్నారు.

గేటు అమ్మాయి గొంతు తగ్గించింది.

"పోయినవారం హోటల్లో నిద్రలోనే పోయారటమ్మా... ఆ పెట్టెలో ఉన్నది ఆయన భార్య."