ఈశ్వరి వెనకాల కుర్రాడు

“ఓడిపోతే ఈ బజార్లో మళ్లీ గంప దించను!”

శ్రీకాకుళం చేపల బజారు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గంపల్లో పీతలు కూడా కదలడం మానేశాయని చూసినవాళ్లు చెబుతారు.

ఆ మాటన్నది ఈశ్వరి. కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి రోజూ చేపలు తెచ్చి అమ్ముతుంది. నలభై దాటి చాలా కాలమైంది. ఆమె చేత ఆ మాట అనిపించింది పద్మకుమారి. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు. పరుగు పందెంలో ఈశ్వరి ఎప్పుడూ ఫస్టు, పద్మకుమారి ఎప్పుడూ సెకండు. ఇప్పుడు పద్మకుమారి టౌన్లో కాపురం. రోజూ బూట్లేసుకుని పరిగెడుతుంది. ఆ పూట వంజరం కొనడానికొచ్చి, వంజరంతో ఊరుకోలేదు.

“ఏటే ఈశ్వరీ, జింకపిల్లలాగుండేదానివి, పీపాలాగ అయిపోనావేటే? నలబై దాటిన ఆడోళ్లకి పరుగు పందెం పెడతన్నారు, రాకూడదేటి? నీ ముందు పరిగెట్టాలని నాకు ఎప్పట్నించో ఉన్నాది.”

గంపలవాళ్లంతా గొల్లుమన్నారు. ఈశ్వరికి ఒళ్లు మండి ఒట్టు పెట్టేసింది.

ఇంటికెళ్లాక గానీ ఏమని ఒట్టు పెట్టిందో తెలిసిరాలేదు. మొగుడు గంగులు పడవకి చేపలు పడే రోజులకంటే పడని రోజులే ఎక్కువ. ఇల్లు నడిచేది ఆ గంప మీదే.

మర్నాడు తెల్లవారుతూనే చీర పైకి దోపి, మీద మొగుడి చొక్కా తొడిగి, కాన్వాసు బూట్లతో ఇసకలోకి దిగింది. ఆ అదురుకి ఎర్రపీతలు ఉప్పెనొచ్చిందనుకుని కన్నాల్లో దూరాయి. ఆమె రొప్పు విని, ఎవరిదో బోటు ఇంజను మొరాయించిందనుకుని సముద్రంలో వాళ్లు తాళ్లు పట్టుకుని ఒడ్డుకొచ్చారు.

సరుగుడు తోట దాకా వెళ్లి, ఒడ్డున ఉన్న తెప్ప మీద కూలబడింది. మర్నాడూ అంతే. వారం గడిచినా తెప్ప దాటలేదు.

“పిల్ల పెళ్లి కూడా సేసేసినాం. ఈ వయసులో నాకీ పరుగేటి? గంప పోయినట్టే,” అని గంగులు దగ్గర ఏడ్చింది.

గంగులు వల బాగుచేసుకుంటూ, “సూద్దాం లే,” అన్నాడు.

ఆ మర్నాడే సరుగుడు తోట దగ్గర ఒక కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు. ఆకుపచ్చ టీషర్టు, తెల్లబూట్లు. బైకు చెట్టుకింద పెట్టి, ఈశ్వరి వెనకాల పరుగందుకున్నాడు.

తెప్ప మీద కూలబడబోతూ ఈశ్వరి వెనక్కి చూసింది. చూసిందో లేదో, మెడలో తువ్వాలు నెత్తి మీదకు లాక్కుని ఒకటే పరుగు. తెప్ప దాటింది. తోట చుట్టూ తిరిగి ఇంటిదారి పట్టింది. ఆమె నెమ్మదిస్తే కుర్రాడు కాస్త దగ్గరకొస్తాడు. దాటడు. పలకరించడు. ఇల్లు కనబడేదాకా ఆమెకి ఆగే వీల్లేదు.

“ఓలమ్మో, సిగ్గుతో సచ్చిపోనాను. ఎనకాల వస్తన్నారు! ఇంక నానెల్లను,” అంది ఇంటికొచ్చి.

“అయితే మానీ. గంప అటకెక్కించీ,” అన్నాడు గంగులు, తలెత్తకుండా.

ఈశ్వరి మానలేదు. కుర్రాడూ మానలేదు.

రోడ్డు మీద టీకొట్టు ఎర్రన్న వేరే ఊరివాడు. చూసి చూసి, ఒకరోజు గంగుల్ని నిలదీశాడు.

“ఒరే గంగులూ, నీ ఆడదాని ఎనకాల రోజూ ఎవుడో కుర్రోడు పడతన్నాడురా! నీకు కళ్లు లేవేటి? ఊఁ అను, కర్ర తీస్తాను.”

గంగులు టీ ఊదుకున్నాడు. “కర్రొద్దు బావా. రేపు ఆడిటొస్తే నా పేరున ఓ టీ పొయ్యి, పాపం అలిసిపోతన్నాడు.”

ఎర్రన్న తెరిచిన నోరు మధ్యాహ్నం దాకా మూయలేదు.

పందెం రోజు రానే వచ్చింది. ఏడు రోడ్ల జంక్షన్లో రిబ్బను కట్టారు. చేపల బజారు బజారంతా గంపలు బోర్లించి వచ్చేసింది. చివరి మలుపు దాకా ఈశ్వరి, పద్మకుమారి పక్కపక్కనే ఉన్నారు. అక్కడ ఈశ్వరికి పిక్కలు పట్టేశాయి. పద్మకుమారి ముందుకెళ్లిపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, “గంపకి దణ్ణమెట్టీయే!” అంది.

ఈశ్వరి పరుగు నడకైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గుంపులో ఉన్న గంగులు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈలేశాడు. పక్కసందులోంచి ఆకుపచ్చ టీషర్టు రోడ్డెక్కింది.

టపటపా బూట్ల చప్పుడు. ఈశ్వరి వెనక్కి చూసింది. ఒక్కసారే. తువ్వాలు నెత్తికెక్కింది. ఆ తర్వాత ఆమెను సరిగ్గా చూసినవాడు లేడు. గాలికి ట్రాఫిక్ పోలీసు టోపీ ఎగిరి రోడ్డుకి అవతల పడింది. పద్మకుమారి దుమ్ము తుడుచుకునేలోగా రిబ్బను తెగింది. తెగినా ఈశ్వరి ఆగలేదు. పతకం పట్టుకుని నిలబడ్డవాళ్లని తోసుకుంటూ పోయి, చెరకురసం బండి వెనకాల నక్కింది.

గంపలవాళ్ల ఈలలు, కేకలు. పద్మకుమారి రొప్పుతూ గంగులు దగ్గరికొచ్చింది. ఏడుపులోనే నవ్వింది.

“గెలిసింది గెలిసింది గానీ అన్నా, నిజం సెప్పు. ఆ ఆకుపచ్చ టీషర్టు కోచ్‌ని ఎక్కణ్నించి తెచ్చావు? ఏటి నేర్పాడు?”

గంగులు కడుపు పట్టుకుని నవ్వాడు.

“కోచ్చేటి తల్లీ, ఆడు మా అల్లుడు, అల్లుడి ఎదరపడకూడదని మా పల్లెలో అత్తలు గోడలు దూకి పారిపోతారు, ఇది ఆగుతాదేటి!”