తపస్సు మాను కింద

తడిచీరతో వచ్చి పడుచుల వరసలో కూర్చున్న చెంగమ్మను చూసి పొరుగూరి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తల సగానికి పైగా నెరిసింది. ఈ వయసులో ఈమెకు బిడ్డలేమిటి? ఆశకైనా హద్దుండొద్దూ!

విడ్డూరమేమిటంటే, ఆమె సొంత ఊరివాళ్లు మాత్రం ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తప్పుకుని దారిచ్చారు.

ఏటా భారతం ఆడేటప్పుడు పాశుపతం కోసం తపస్సు చేసే అర్జునుడి వేషగాడు, నిలువునా పాతిన ఆ పొడుగాటి తపస్సు మాను ఎక్కుతాడు. కొసన కూర్చుని పద్యాలు పాడి, నిమ్మకాయలు కిందికి విసురుతాడు. కింద తడిచీరలతో కూర్చున్నవాళ్లలో ఎవరి కొంగులో పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం.

పలమనేరు నుంచి వచ్చిన రేవతికి ఆ నమ్మకం ఒక్కటే మిగిలింది. తిరుపతిలో ఆమె ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. వట్టి కొంగుతో ఇంటికి పోవడం తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

చెంగమ్మ ఒక్కొక్కరి పక్కనా కాసేపు కూర్చుని, ఏదో అడిగి, తల అడ్డంగా ఊపి లేచిపోతోంది. చివరికి రేవతి దగ్గరికి వచ్చింది.

“మీది మిద్దిల్లా అమ్మణ్ణీ?”

“అవును పెద్దమ్మా.”

“పైన పిట్టగోడ కట్టించినారా?”

“కట్టించినాము. ఎందుకు?”

“బిడ్డ తినకుండా మారాం చేస్తే కొడతావా?”

రేవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మారాం చేసే బిడ్డ పుడితే సాలు పెద్దమ్మా. యాడన్నా కొడతానా?”

చెంగమ్మ రెప్ప వెయ్యకుండా ఆమె మొహంలోకి చూసింది. రేవతి కొంచెం పక్కకు జరిగింది. లేచి పోదామనుకుంది కానీ, మళ్లీ చోటు దొరకదని ఊరుకుంది.

డప్పులు మోగాయి. అర్జునుడు వచ్చాడు. మానుకు మొక్కాల్సినవాడు ముందుగా చెంగమ్మ కాళ్లకు మొక్కాడు.

“పైలంగా ఎక్కు నాయనా,” అంది చెంగమ్మ.

అందరూ తలలెత్తి అతణ్ణే చూస్తున్నారు. చెంగమ్మ మాత్రం తల ఎత్తలేదు. మాను మొదట్లో మట్టిని అరచేత్తో నిమురుతూ కూర్చుంది.

పద్యాలయ్యాయి. నిమ్మకాయలు రాలాయి. రేవతి చాచిన కొంగులో ఒక్కటీ పడలేదు. ఆఖరు కాయను అతను చూసి మరీ చెంగమ్మ ఒళ్లోకి విసిరాడు.

“ముసలామెకు వరమంట! సూడండమ్మా అన్యాయం!” అని ఎవరో అరిచారు. రేవతికీ కడుపు మండిపోయింది.

చెంగమ్మ ఆ కాయను కళ్లకద్దుకుంది. గట్టిగా గుండెకు హత్తుకుంది. తర్వాత దాన్ని తెచ్చి రేవతి కొంగులో వేసి, తనే ముడి వేసింది.

“సంగటంటే వానికి పానం. సీకటంటే బయం. నిద్దరపొయ్యేదాకా దీపం ఆర్పొద్దు తల్లీ,” అంది.

“ఎవరికి పెద్దమ్మా?”

చెంగమ్మ తడిచీర పిండుకుంటూ జనంలో కలిసిపోయింది.

నిరుడు అర్జునుడి వేషంలో ఇదే మాను మీంచి జారిపడి చనిపోయిన కొడుక్కి, ఆమె మళ్లీ ఒక అమ్మను వెతికిపెట్టింది.