ఆకురాయి ఆగితే

ఆకురాయిని బల్ల మీద పడేసి డ్రైవరు కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో అవతలి నుంచి గోడ మీద దెబ్బలు పడ్డాయి. ధన్, ధన్, ధన్.

“పనాపేశాక కొడుతోందేమిటే ఈవిడ!” అన్నాడు ఒళ్లు మండి.

“అప్పటిదాకా ఓర్చుకుందేమో, పాపం,” అంది భార్య.

పక్కవాటాలో కొత్తగా దిగిన పెద్దావిడ. డ్రైవరు ఆవిడ ముఖమైనా సరిగ్గా చూడలేదు.

ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజను మీద మోజు మాత్రం రిటైరు కాలేదు. గాలితో తిరిగే, అరచేతిలో ఇమిడే ఇంజనొకటి, ముక్క ముక్కా తన చేత్తోనే చేసి తిప్పి చూపించాలని పంతం పట్టాడు.

వెనకగదిలో చిన్న లేత్ మిషను పెట్టుకుని పిస్టను చేశాడు, చక్రం చేశాడు. చిక్కంతా సిలిండరు దగ్గరే వచ్చింది. దాని పక్క చెంప ఇత్తడి పలక మీద అతికినట్టు కూర్చోవాలి. వెంట్రుకవాసి సందున్నా గాలి జారిపోతుంది, చక్రం కదలదు. ఆ చదును ఆకురాయితో రుద్ది రుద్ది చేత్తోనే తేవాలి.

ఇప్పటికే రెండు సిలిండర్లు అంచులు అరిగి చెత్తబుట్టలో పడ్డాయి. మూడోదానికి స్కేలు ఆనించి కిటికీకెత్తి చూశాడు. సందులోంచి వెలుగు వెక్కిరించింది.

“ఇక నా వల్ల కాదే. ఈ సామానంతా అమ్మేద్దాం.”

ధన్, ధన్, ధన్.

“ఇంకా కొడుతోందా? నా ఇల్లు, నా ఆకురాయి! ఎవరాపుతారో చూస్తా!”

రోషంగా లేచి మళ్లీ అరగదీయసాగాడు. దెబ్బలు ఆగిపోయాయి.

“అలా రా దారికి!” అన్నాడు గోడతో.

వారాలు గడిచాయి. అతను అలసి ఆగితే చాలు, గోడ మోగేది. గోడ మోగితే చాలు, అతనికి పౌరుషం వచ్చేది.

చివరికి భార్యే మందలించింది. “పెద్దావిడతో పంతమేమిటండీ? కాస్త చప్పుడు తగ్గించుకోండి.”

నిజమే అనిపించింది. బల్లను గోడకు దూరంగా జరిపి, కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేశాడు.

ఆ రోజు గోడ ఆగి ఆగి మోగింది. మర్నాటి నుంచి దెబ్బల్లేవు.

“హమ్మయ్య, ఆవిడకీ మనశ్శాంతి,” అనుకున్నాడు.

ఒక ఉదయం స్కేలు ఆనించి చూస్తే వెలుగు కనబడలేదు. గబగబా ముక్కలన్నీ బిగించి, చుక్క నూనె వేసి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. చక్రం ఒకసారి తడబడి, గిర్రున తిరిగింది.

“తిరిగిందే! తిరిగింది!”

భార్య గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

“ముందు పక్కావిడకి చూపించాలి. ఇన్నాళ్లూ భరించింది, క్షమించమనాలి,” అంటూ ఇంజను పట్టుకుని బయల్దేరాడు.

పక్కవాటా తలుపు తీసింది ఆవిడ కూతురు. వెనకాల సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి.

“అమ్మ మొన్న ఆస్పత్రిలో పోయిందండీ.”

డ్రైవరు పైకెత్తి పట్టుకున్న ఇంజనును కిందికి దించాడు.

“అయ్యో... నా చప్పుడుతో ఆవిణ్ణి చాలా సతాయించానమ్మా. గోడ కొట్టి మరీ చెప్పేది.”

“చప్పుడా?” ఆమె వింతగా చూసింది. “అమ్మకు పుట్టుకతోనే చెవుడండీ. రోజూ గోడకు అరచెయ్యి ఆనించుకుని కూర్చునేది. అవతల ఎవరో పట్టుదలగా ఏదో చేస్తున్నారని మురిసిపోయేది. మీరు ఆగిపోతే, ‘ఆపకు, కానియ్’ అని కొట్టేది.”

ఆమె చూపు అతని చేతిలోని ఇంజను మీద పడింది.

“ఆస్పత్రికి వెళ్లే రోజు కూడా ఆ గోడంతా తడిమి తడిమి చూసి, ‘ఎందుకు మానేశాడో’ అని సైగ చేస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది.”